లెక్క తప్పిన పౌర్ణమి

ఆ శనివారం ఉదయం కోకాపేట ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు అయిదుగురు. హాల్లో సోఫా మీద కాళ్ళు మడిచి కూర్చుని పేపరు చదువుతున్న మామగారు భీమేశ్వరరావు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరైనా ఇంట్లో బల్బు మాడితే ఇప్పటికీ ఇంకొకర్ని పిలిపించే మనిషి. దేవుడి మందిరం ముందు వత్తులు చేసుకుంటున్న అత్తగారు పుణ్యవతి. పడకగదిలో దుప్పటి కిందనుంచే ఫోను చూస్తున్న భర్త రవికిరణ్. ఆ మంచం కింద దూరి నాన్న చెప్పులకీ అమ్మ చెప్పులకీ పెళ్ళి చేస్తున్న ఆరేళ్ళ కూతురు ఉమాశ్రీ. అయిదో మనిషి సంయుక్త. ఆమె వంటింట్లో బియ్యం కడుగుతోంది. ఈ ఇంటికి ఆరో మనిషి వస్తే బాగుంటుందని, అదీ మగపిల్లాడైతే మరీ బాగుంటుందని అత్తగారికి ఉంది, మామగారికి ఉంది. రవికిరణ్‌కు ఎవరేమంటే అది ఉంది. బియ్యం కడుగుతున్న మనిషికి మాత్రం లేదు.

"ఏమ్మా, ఈ నెల ఇంకా బయట చేరలేదేం?" అని పుణ్యవతి మందిరం ముందునుంచే అడిగింది. ఆ గొంతు చివర చిన్న నవ్వుంది.

ఆ ఇంట్లో నెలసరి రహస్యం కాదు. రాజమండ్రి నుంచి పచ్చడి జాడీలతోపాటు పుణ్యవతి ఆ నియమాన్నీ తెచ్చుకుంది. బయట చేరిన రోజునుంచి మూడు రోజులు సంయుక్త వంటింటి గడప తొక్కకూడదు, మందిరం వైపు రాకూడదు, కంప్యూటరు బల్ల ఉన్న చిన్న గదిలో చాప వేసుకుని పడుకోవాలి. నాలుగో రోజు తలంటు పోసుకుంటే మళ్ళీ ఇంట్లో మనిషి. కోడలి తేదీ అత్తగారికి నోటికి వచ్చు. అది దాటి వారమవుతోంది.

నిజానికి సంయుక్తకు నాలుగు రోజుల కిందటే తెలుసు. ఆఫీసు బాత్‌రూములో పరీక్ష చేసుకుంది. రెండు గీతలు చూసిన క్షణంలో ఆమెకు మొదట గుర్తొచ్చింది బిడ్డ ముఖం కాదు, ఉమాశ్రీ పుట్టినప్పటి ఆఫీసు ఫోన్ రూము. పాలతో గడ్డకట్టిన రొమ్ముల్ని ఆ అద్దాల గదిలో గోడకు తిరిగి పిండుకుంటుంటే బయట ఎవరో తలుపు తట్టి, "ఎంతసేపండీ, మాకు క్లయింట్ కాల్ ఉంది" అన్నారు. ప్రసూతి సెలవు అయ్యి తిరిగి వచ్చిన రోజు మేనేజరు "హాలిడేస్ బాగా ఎంజాయ్ చేశారా?" అన్నాడు. ఉమాశ్రీని కన్నందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు. మళ్ళీ కనాలని మాత్రం లేదు. ఎందుకని ఎవరైనా అడిగితే పది కారణాలు చెప్పగలదు. అన్నిటికీ అడుగున ఉన్నది ఒక్క మాట: వద్దు. రవికిరణ్‌కు చెబితే తల గోక్కుని, "నీ ఇష్టం సంయూ. కానీ అమ్మకు చెప్పకు, తట్టుకోలేదు" అన్నాడు. ఈ ఇంట్లో అందరూ దేన్నో ఒకదాన్ని తట్టుకోలేని వాళ్ళే, తట్టుకునే ఉద్యోగం తన ఒక్కదానిదే అని ఆమె ఆ రాత్రంతా అనుకుంది.

ఇప్పుడు అత్తగారి నవ్వు వినగానే నోటికి ఏదొస్తే అది అనేసింది.

"ఇప్పుడే చేరానత్తయ్యా."

అనేసి, చేతిలో ఉన్న బియ్యం గిన్నె సింకులో అలాగే వదిలేసి, తడి చేతులు నైటీకి తుడుచుకుంటూ చిన్న గదిలోకి వెళ్ళిపోయింది. వెనకాల పుణ్యవతి నిట్టూర్పూ, మోకాళ్ళు పట్టుకుని లేస్తున్న మూలుగూ వినబడ్డాయి.

తలుపు దగ్గరగా వేసి, మూలనున్న చాప పరుచుకుంది. ఆ తర్వాత ఒక వింత జరిగింది. చాప మీద వెల్లకిలా పడుకుని సీలింగు ఫ్యాను చూస్తుంటే సంయుక్తకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. మామూలుగా ఆ మూడు రోజులూ వంట ఒక్కటే తప్పేది. వాషింగ్ మెషీను, బట్టలు మడతపెట్టడం, ఉమాశ్రీ హోంవర్కు, పైగా ఆఫీసు, అన్నీ ఉండేవి. ఈసారి ఆమె ఇంకో రకంగా ఆలోచించింది. నియమమంటే నియమమే కదా!

"ఆ బట్టలు కాస్త మడతపెట్టమ్మా, బట్టలకేం దోషం లేదులే" అంది పుణ్యవతి గుమ్మం అవతలనుంచి.

"అయ్యో వద్దత్తయ్యా. అందులో మీ మడిచీర ఉందేమో. కలిసిపోతే?"

"పిల్ల యూనిఫాం ఇస్త్రీ?"

"సోమవారం అది వేసుకుని మందిరం దగ్గరకు పరిగెత్తుతుంది. నాకెందుకొచ్చిన పాపం!"

ఆ సాయంత్రం రవికిరణ్ బట్టలు మడతపెట్టాడు. అతని మడతల్లో చీర కూడా చొక్కాలాగే కనబడింది. భీమేశ్వరరావు ఉప్పు డబ్బా కోసం వంటిల్లంతా వెతికి, చివరికి అది కళ్ళెదురుగానే ఉందని కనిపెట్టి, పెద్ద తప్పు పట్టుకున్న ఇన్‌స్పెక్టరులా అందరికీ చూపించాడు. ఉమాశ్రీ గడప అవతల కూర్చుని, "అమ్మ అవుట్, నేను నాటౌట్" అని పాట కట్టింది. సంయుక్త నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పళ్ళెం గడప దగ్గర పెట్టి, పుణ్యవతి వెళ్ళిపోకుండా గోడకు ఆనుకుని కూలబడింది. "నువ్వు నవ్వుకుంటావు కానీ, మా అత్తగారింట్లో పధ్నాలుగు మందికి వండేదాన్ని. ఈ మూడు రోజులే నాకు ఆదివారాలు. పెరట్లో పశువుల పాక పక్కన గదిలో పడుకునేదాన్ని. ఒక్కోసారి రెండో రోజుకే ఆగిపోయేది. ఎవరికీ చెప్పేదాన్ని కాదు" అంది. అని, తను అంత మాట ఎందుకు చెప్పానా అన్నట్టు గబగబా లేచి వెళ్ళిపోయింది. ఈ నియమాన్ని అత్తగారు ఇన్నేళ్ళూ శిక్షగా కాదు, సెలవుగా దాచి తెచ్చి తనకు ఇచ్చిందా అని సంయుక్తకు మొదటిసారి అనుమానం వచ్చింది.

మూడో రోజు ఉదయం ఇంకో వింత. నిజంగానే ఎర్రటి మరక ఒకటి కనబడింది, కుంకుమ చిటికెడు పడ్డంత. దానంతట అదే పోతోందేమో, ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదేమో అని ఆశపడింది. సాయంత్రానికి మళ్ళీ ఏమీ లేదు. నాలుగో రోజు తలంటు పోసుకుని బయటికొస్తే హాల్లో పంచాంగం తెరిచి ఉంది.

"ఇవాళ నీ తలంటు కాబట్టి వచ్చే పౌర్ణమికి ఏ అడ్డూ ఉండదు. ఆదివారం కూడా కలిసొచ్చింది. సత్యనారాయణ వ్రతం పెట్టేసుకుందాం. నువ్వూ వాడూ పీటల మీద కూర్చోండి. అంతా మంచే జరుగుతుంది" అంది పుణ్యవతి, ముఖం వెలిగిపోతుండగా. ఆ ఇంట్లో శుభకార్యాలకు ముహూర్తం పంతులుగారు పెట్టేవాడు కాదు. కోడలి తేదీయే పెట్టేది. తను ఆడిన అబద్ధం మీద ఒక వ్రతం ముహూర్తం నిలబడిందని తెలిసి సంయుక్తకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మర్నాడు ఆఫీసుకని బయల్దేరి, దారిలో దిగి డాక్టర్ ప్రియాంక క్లినిక్‌కు వెళ్ళింది. రవికిరణ్ వస్తానన్నాడు. పొద్దున్నే ప్రాజెక్టు రిలీజ్ అని ఫోను మోగితే "సారీ సంయూ" అన్నాడు. పోనీలే అనుకుంది. మరక సంగతి చెబితే డాక్టరు మొదట స్కాన్ తీసింది. "మొదటి వారాల్లో అలా కొద్దిగా కనబడటం ఉంటుంది. దానర్థం అయిపోయిందని కాదు. గర్భసంచిలోనే ఉందో లేదో చూసుకోకుండా మాత్రలు వేసుకోకూడదు. అంతా సరిగ్గానే ఉంది. మీ నిర్ణయం మీదేనా?"

"నాదే. మా ఆయన సంతకం కావాలాండీ?"

"అక్కర్లేదు. మీరు మేజరు. మీ సంతకం చాలు."

సంయుక్త పెన్ను అందుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన ఒక్క సంతకం చాలిన పని ఏదీ గుర్తు రాలేదు. బ్యాంకు లాకరుకు ఇద్దరివి, ఫ్లాటుకు ఇద్దరివి, చివరికి ఉమాశ్రీ స్కూలు ఫారానికి తండ్రిది. మొదటి మాత్ర అక్కడే వేసుకుంది. రెండో దఫా మాత్రలు ఇంటి దగ్గర వేసుకోవాలి. గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతూ రెండు గంటలు అలాగే సాగితే ఆగకుండా వచ్చెయ్యాలని, జ్వరం తగ్గకపోయినా రావాలని డాక్టరు చెప్పింది. ఇంకా ఏదో రెండు వారాల సంగతి కూడా చెప్పింది. ఆ మాట సంయుక్త చెవి దాకా వచ్చి ఆగిపోయింది. మామూలు నెలసరిలాగే నాలుగో రోజుకు ఆగిపోతుందని తనకు తనే అనుకుంది. ఇన్నేళ్ళు ఆ లెక్కలోనే బతికిన మనిషికి ఇంకో లెక్క తట్టలేదు. బయటికొచ్చి రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీలు తింది. అంత కారం, అంత రుచి, కళ్ళలో నీళ్ళు.

శుక్రవారం అత్తామామలు శేరిలింగంపల్లిలో చుట్టాల గృహప్రవేశానికి ఉమాశ్రీని తీసుకుని వెళ్ళారు. రవికిరణ్ ఇంటినుంచే పని చేస్తానన్నాడు. సంయుక్త మాత్రలు వేసుకుని దుప్పటి కప్పుకుంది. మొదట చలి. తర్వాత నడుముని ఎవరో పిండుతున్నట్టు నొప్పి. పళ్ళు బిగించి, వేడినీళ్ళ సంచి పొట్టకు అదుముకుని, మంచం మీద ముడుచుకుని ఉంది. గుమ్మంలో రవికిరణ్ ఒక చెవికి హెడ్‌సెట్‌తో, చేతిలో చల్లారిపోతున్న టీతో నిలబడి, "ఇంకేమైనా చెయ్యనా?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఆ హెడ్‌సెట్ తీసి కూర్చో చాలు" అంది. తీశాడు. కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకోవాలని తట్టడానికి ఇంకా కాసేపు పట్టింది కానీ, పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చింది రక్తం. పొట్టలోంచి గడ్డలు జారుతుంటే బాత్‌రూములో గోడ పట్టుకుని నిలబడింది. భయం వేస్తుందనుకుంది. వెయ్యలేదు. పన్నెండేళ్ళ వయసునుంచి ఆ ఎరుపును చూసి సిగ్గుపడింది, దాచింది, ఉతికింది, విసుక్కుంది. దాన్ని చూసి సంతోషించడం ఇదే మొదటిసారి. కొళాయి తిప్పి కాళ్ళ మీద గోరువెచ్చటి నీళ్ళు పోసుకుంటుంటే ఆమెకు నవ్వు వచ్చింది. ముందు చిన్నగా, తర్వాత గట్టిగా. తలుపు అవతల రవికిరణ్ కంగారుగా, "ఏడుస్తున్నావా?" అన్నాడు.

"లేదు బాబూ, నవ్వుతున్నాను. ఆకలేస్తోంది. పెరుగన్నం కలుపు."

మర్నాటినుంచి ఆమె మామూలుగా వంటింట్లోకి వెళ్ళింది. బయట చేరి ఉండి వంట చేయడం పెళ్ళయ్యాక అదే మొదలు. పోపు గింజలు చిటపటలాడుతుంటే దొంగతనంగా మామిడికాయ కోసిన పిల్లలా ఒళ్ళు పులకరించింది. పప్పుచారు పెట్టింది. దేవుడికి మహానైవేద్యం కూడా ఆ చేతులతోనే వండి గిన్నెలో సర్దింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పుణ్యవతి రెండోసారి పోయించుకుని, "ఇవాళ చారు అమృతంలా కుదిరిందే" అంది. సంయుక్త మంచినీళ్ళ సాకుతో వంటింట్లోకి పరిగెత్తి, ఫ్రిజ్ తలుపు తెరిచి అందులో తల పెట్టి నవ్వుకుంది.

కానీ నాలుగో రోజు వచ్చింది, అయిదో రోజూ వచ్చింది. తగ్గుతోంది తప్ప ఆగడం లేదు. బోరబండ నుంచి వచ్చే పనిమనిషి పార్వతమ్మ బాత్‌రూము చెత్తబుట్ట తీస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"ఏంది సంయుక్తమ్మా, మొన్ననే గద బయట కూసున్నవు. ఇగ మళ్ళేంది? పెయి మంచిగుందా? దవాఖానకు పోయినవా?"

"పోయాను పార్వతమ్మా. బాగానే ఉంది. అత్తయ్యకు..."

"నేనెందుకు చెప్త! నా పని చెత్త పారబోసుడు, ఇండ్లల్ల ముచ్చట్లు మోసుడు గాదు. ఫికర్ చెయ్యకు" అని ఆ కవరు ముడివేసి పైటచాటున పట్టుకుపోయింది.

సంయుక్త డాక్టరుకు ఫోను చేస్తే, "రెండు వారాల దాకా ఉండొచ్చని చెప్పాను కదమ్మా. ఎక్కువ కావడం లేదుగా? అయితే కంగారు లేదు" అంది. డాక్టరుకు కంగారు లేదు కానీ, ఎదురుగా పౌర్ణమి ఉంది.

ఆదివారం పొద్దున్నే మామిడి తోరణాలు కట్టారు. హాలు మధ్యలో అరటి పిలకలతో మండపం లేచింది. ఎదురు ఫ్లాటు రత్నమ్మగారు, కడప మనిషి, పూలమ్మే బండినంతా కొనుక్కొచ్చినట్టు రెండు సంచులతో దిగింది. పుణ్యవతి కోడలికి పసుపురంగు పట్టుచీర పెట్టింది. సంయుక్త అది కట్టుకుని అద్దం ముందు నిలబడింది. లోపల పలచటి ప్యాడ్, ఇంకా ఎర్రటి చారలు. ఎవరికీ తెలియదు. వెళ్ళి పీటల మీద కూర్చోవచ్చు. ఆమె చేతి పప్పుచారు తిని ఏమీ అనని దేవుడు ఈ వ్రతానికీ ఏమీ అనడు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

హాల్లోంచి పంతులుగారి గొంతు వినబడింది. "సంకల్పంలో ఏం చెప్పమంటారమ్మా?"

"ఇంకేముందండీ, సత్సంతానమే. పండులాంటి మగపిల్లాడు" అంది పుణ్యవతి.

సంయుక్త చెయ్యి జడ దగ్గరే ఆగిపోయింది. భర్త మోచేతికి దర్భతో తన చెయ్యి ఆనించి, అరచేతిలో నీళ్ళు పోయించుకుని, తను ఏది వద్దనుకుందో దాన్నే ఇమ్మని అందరి ముందూ అడగాలి. రక్తం దాచడం కష్టం కాదు. ఈ అడగడం మాత్రం తన వల్ల కాదు. ఇవాళ అడిగితే వచ్చే నెలా అడిగించుకుంటారు, ఆ పై నెలా అడిగించుకుంటారు. తన నోటితో తను అన్న "వద్దు" తన నోటితోనే తుడిచేసుకున్నట్టవుతుంది. గుమ్మం దాకా వెళ్ళి, "అత్తయ్యా, ఒక్కసారి లోపలికి రండి" అంది.

పుణ్యవతి కుంకుమ భరిణ చేత్తో పట్టుకునే వచ్చింది. "ఏం? జాకెట్టు బిగువైందా?"

"నేను పీటల మీద కూర్చోనండి. రక్తం పోతోంది."

"పౌర్ణమికి ఎలా వస్తుందే? లెక్క..."

"ఇది నెలసరి కాదత్తయ్యా. నాకు కడుపొచ్చింది. వద్దనుకున్నాను. డాక్టరు దగ్గర మాత్రలు వేసుకున్నాను. ఆ రోజు బయట చేరానన్నది అబద్ధం. ఇది నిజం."

పుణ్యవతి మంచం అంచున కూర్చుంది. చాలాసేపు భరిణ మూత తీసింది, పెట్టింది. బయట పంతులుగారి గంట ఒకసారి మోగి ఆగింది.

"కడుపుతో ఉన్నావని నాకు తెలుసు" అంది చివరికి. "ముగ్గుర్ని మోశాను, ఇద్దర్ని మట్టికిచ్చాను. పొద్దున్నే కాఫీ గ్లాసు చూసి ముఖం తిప్పుకునే కోడల్ని పోల్చుకోలేనా? బయట చేరానంటే సిగ్గుపడుతున్నావనుకున్నాను. దిష్టి తగులుతుందని దాస్తున్నావనుకున్నాను. ఈ వ్రతం అందుకే పెట్టాను. పీటల మీద కూర్చున్నాక నువ్వే చెప్తావని చూశాను."

సంయుక్తకు క్షమించమని అడగాలనిపించలేదు. అత్తగారి పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చుంది.

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"దగ్గరుండి తీసుకెళ్ళాడా?"

"లేదండీ. ఆ రోజు రిలీజ్ అన్నారు."

"రిలీజట, రిలీజ్! పెళ్ళాం ఒక్కత్తీ ఆస్పత్రికెళ్తుంటే వీడికి రిలీజట!" పుణ్యవతి గొంతు ఒక్కసారిగా లేచింది. మళ్ళీ తగ్గింది. "ఎన్నాళ్ళయింది?"

"వారం దాటింది."

"వారం నుంచి వంట నువ్వేగా చేస్తున్నావు?"

"నేనే."

"దేవుడి నైవేద్యం?"

"అదీ నేనే అత్తయ్యా."

పుణ్యవతి కళ్ళు పెద్దవి చేసి కోడలి వైపు చూసింది. కోపం రావాలి. వస్తున్నట్టే ముఖం ఎర్రబడింది కూడా. కానీ మధ్యలో పెదవి వణికింది. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పైట వెనకాలనుంచి ఆపుకోలేని నవ్వు కీచుమంటూ బయటపడింది. "రెండుసార్లు పోయించుకున్నానే తల్లీ! ఆ దేవుడూ ఏమీ అన్లేదు, నేనూ ఏమీ అన్లేదు!" అని కళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళలో ఎంత నవ్వో, ఎంత మరొకటో సంయుక్త అడగలేదు.

"వదినా, కొబ్బరికాయలు యాడ పెట్టినారు? అయ్యవారు అడగతాండాడు!" అని హాల్లోంచి రత్నమ్మ కేక.

"వస్తున్నా!" అని లేచి, పుణ్యవతి కోడలి వైపు వేలు చూపించింది. "చూడు, నాకు కోపంగానే ఉంది. దాన్ని రేపు చూపిస్తాను. ఇవాళ నాకు తీరిక లేదు. ఆ చీర విప్పేసి మెత్తటిది కట్టుకుని పడుకో."

హాల్లోకి వెళ్ళి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "పంతులుగారూ, పీటల మీద నేనూ మా ఆయనా కూర్చుంటాం. కోడలికి ఒంట్లో బాగాలేదు. ఏవండీ, ఆ పేపరు పక్కన పెట్టి పంచె మార్చుకోండి. ఒరే కిరణ్, లోపలికెళ్ళి ప్రసాదానికి రవ్వ వేయించు."

"నేనా? నాకు రాదమ్మా."

"దగ్గరుండి నేర్చుకో. నెయ్యి పోసి గరిటె తిప్పుతూ ఉండు. రిలీజ్ అనుకో!"

రత్నమ్మ పగలబడి నవ్వింది. పంతులుగారు మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు. "మరి సంకల్పం అమ్మా? సత్సంతానం అనే అననా?"

"ఆరోగ్యం అనండి చాలు. ముందు ఉన్న ఆడపిల్లలు బాగుండాలి."

లోపల చీర మార్చుకుని మంచం మీద వాలిన సంయుక్తకు ఆ మాటలు వినబడ్డాయి. కాసేపటికి వంటింట్లోంచి రవ్వ మాడుతున్న వాసన వచ్చింది. ఉమాశ్రీ "నాన్నా, నల్లగా అయింది" అంటోంది. కొబ్బరి ఇంకా ఎవరూ కోరలేదేమో. అరటిపళ్ళు తరగలేదేమో. రత్నమ్మగారికి కాఫీ ఇచ్చారో లేదో. ఇన్నేళ్ళ అలవాటు కాళ్ళలోకి వచ్చేసింది. సంయుక్త లేచి, జుట్టు ముడివేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా, ఆ గరిటె నేను..."

అప్పుడే పీటల మీదికి వెళ్ళబోతున్న పుణ్యవతి వెనక్కి తిరిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, నాలుగంగల్లో వచ్చింది.

"పడుకోమని చెప్పానా లేదా?" అని, కోడలి ముఖం మీదే తలుపు వేసేసింది.